పచ్చ నిజం

3వ తేదీ, సోమవారం

ఈ రోజు నుంచి నేను మంచివాణ్ణి.

రాసుకుంటుంటే నాకే నవ్వొస్తోంది. కానీ తప్పదు. ఫ్యామిలీ కోర్టు కౌన్సెలర్ మేడం కళ్లజోడు తీసి మరీ చెప్పింది. "పద్నాలుగో తేదీన పాపతో విడిగా మాట్లాడతాను. తల్లి దగ్గరుంటుందా, తండ్రి దగ్గరుంటుందా అని తననే అడుగుతాను. పన్నెండేళ్ల పిల్ల, తన మాటకి విలువుంటుంది. ఈలోపు మీరు కొంచెం... మామూలుగా ఉండండి."

మామూలుగా ఉండటమంటే ఏమిటో అడుగుదామనుకున్నాను. మా లాయరు నా కాలు తొక్కాడు. అదీ ఎడమ చెప్పు మీద. పట్టీ తెగితే ఎర్ర వైరుతో కట్టుకున్నానే, సరిగ్గా ఆ ముడి మీద.

అమ్మాయి తల్లి (ఇక మా ఆవిడ అని రాయకూడదేమో) నా చరిత్రంతా పూసగుచ్చినట్టు అప్పజెప్పింది. లిఫ్టు నిండా జనం ఎక్కాక నేను పైన మెషీన్ రూములో కూర్చుని మైకులో "బరువు ఎక్కువైనది, నిన్న రెండోసారి వడ్డించుకున్నవారు దయచేసి దిగవలెను" అన్నది చెప్పింది. ఇద్దరు నిజంగానే దిగారు, అది మాత్రం చెప్పలేదు. వాళ్ల ల్యాబు పెద్ద డాక్టరుకి ఫోన్ చేసి, ఆయన గొంతుతోనే ఆయన్ని చీవాట్లు పెట్టింది చెప్పింది. ఆయన "సారీ సార్" అన్నది చెప్పలేదు.

"ఈయనకి ఏదీ నిజం కాదు మేడం. పెళ్లాం నిజం కాదు, పిల్ల నిజం కాదు. అన్నీ ఆటే," అంది.

మేడం మూతి బిగించింది. నవ్వు ఆపుకోవడానికేనని నా నమ్మకం.

అమ్మాయి తల్లికి నెలాఖరుకి బదిలీ. పగలంతా రైల్లో కూర్చుంటే గానీ రాని ఊరు. పిల్ల ఆమెతో వెళితే నాకు మిగిలేవి బడి సెలవులు. ఇప్పుడు ఆదివారాలన్నా ఉన్నాయి.

అందుకని పద్నాలుగు దాకా వేషాలు బంద్. నోటి దూల ఎక్కడికీ పోదు కాబట్టి ఇక్కడ తీర్చుకుంటాను. లిఫ్టు సర్వీసు చీటీల వెనక తెల్లగానే ఉంటుంది. నేను చదివింది తొమ్మిదో తరగతి, అదీ రెండుసార్లు. కలిపితే పద్దెనిమిది. రాయడానికి ఆ మాత్రం చదువు చాలదా?


4వ తేదీ, మంగళవారం

ఒక్క వేషం కూడా వెయ్యలేదు.

వాచ్‌మన్ టోపీలో ఐసుముక్క పెట్టింది లెక్కలోకి రాదు. ఎండలకి మంచిదే.


6వ తేదీ, గురువారం

ఆమె ఫోన్ చేసింది. నేను మూడో అంతస్తుకీ నాలుగో అంతస్తుకీ మధ్య లిఫ్టు నెత్తి మీద నిలబడి అది జారే గైడు రైలు పట్టాకి గ్రీజు పూస్తున్నాను.

"ఆదివారం పాపని ఏదో ఎగ్జిబిషన్‌కి తీసుకెళ్తానన్నారట?"

"'ఏడో చంద్రుడు' సీరియల్ వస్తువులన్నీ పెట్టారు. దానికిష్టం."

"దానికా, మీకా?"

"ఇద్దరికీ."

"ఐదింటికల్లా గేటు దగ్గరుండాలి. దాక్కోవడాలు, తప్పిపోయినట్టు నటించడాలు మొదలెట్టారంటే అక్కణ్ణుంచే మేడంకి ఫోన్ చేస్తాను."

"ఆ రూలు నాకొక్కడికేనా, లోపలున్న రాక్షసులక్కూడానా?"

పెట్టేసింది. ఇదిగో, ఇలాంటివే. వచ్చేదాకా వస్తున్నట్టు నాకే తెలీదు.

'ఏడో చంద్రుడు' మేమిద్దరం ఒక్క భాగం కూడా వదలకుండా చూశాం. ఎక్కడో చంద్రుడి మీద ఒక కేంద్రం. దానికో ముసలి కమాండరు. అందరూ ఆవిణ్ణి పెద్దమ్మా అనేవాళ్లు. డబ్బా అని ఓ మరమనిషి. దాని నుదుటి మీద దీపం. ఎదుటివాడు నిజం చెబితే ఆకుపచ్చగా వెలిగేది, అబద్ధమాడితే వెలిగేది కాదు. డబ్బా ముందు నిలబడి ఎంత పెద్ద విలనైనా నీళ్లు నమిలేవాడు.

అప్పట్లో ఇంట్లో రోజూ ఇదే పాట. "పచ్చి అబద్ధం!" అని వాళ్లమ్మ, "పచ్చి నిజం!" అని నేను. మా మిరియం (నేను పెట్టిన పేరే. మనిషి గింజంత, కొరికితే తెలుస్తుంది) దాన్ని పచ్చ నిజం అని వినేది. నిజానికి రంగుంటుందనుకుంది. డబ్బా దీపం రంగు. ఎవరం దిద్దలేదు. ఎందుకు దిద్దాలి, ముద్దొస్తుంటే.

తర్వాత ఓ రోజు నేను చేతికి కట్టు కట్టుకుని, దాని మీద ఎర్ర పెయింటు చల్లుకుని ఇంటికొచ్చాను. లిఫ్టులో చెయ్యి పడిందన్నాను. అది ఉత్త పెయింటే. పిల్ల ఎంతకీ ఏడుపు ఆపదే! కట్టు విప్పి చూపించినా నమ్మలేదు. చివరికి అదే రూలు పెట్టింది. మా ఇద్దరిలో ఎవరైనా "పచ్చ నిజం" అంటే ఇక ఆట లేదు. అది నిజమే అయ్యుండాలి, రెండోవాళ్లు నమ్మి తీరాలి.

ఒట్లు సవాలక్ష తప్పాను. ఆ మాట మీద మాత్రం ఇప్పటిదాకా అబద్ధమాడలేదు. దొంగలకీ ఒక నీతి ఉంటుంది.


8వ తేదీ, శనివారం

రేపే. గడ్డం గీసుకున్నాను. అద్దంలో ఎవడో నిజాయితీపరుడు కనిపించాడు. నమ్మబుద్ధి కాలేదు.


9వ తేదీ, ఆదివారం

వరసగా రాస్తాను. లేకపోతే రేపటికల్లా నేనే మార్చేసుకుంటాను.

గేటు దగ్గర ఆమె పిల్లని దింపింది. నా మొహం చూసింది, కాళ్ల దాకా చూసింది. "ఆ వైరేంటి? చెప్పులు కొనుక్కోకూడదూ?" అంది.

"ఇది లిఫ్టు వైరు. తెగదు," అన్నాను. జోకు కాదు, నిజమే. ఆమెకి అదీ జోకులానే వినిపించి ఉంటుంది.

మిరియం నా చెయ్యి పట్టుకుంది. ఈమధ్య పట్టుకోవడం మానేసింది. పట్టుకుందంటే ఏదో ఉంది అని నాకు అప్పుడే తట్టాల్సింది. నేనేమో నాతో సంతోషంగా ఉందనుకున్నాను. ఉంది కూడా. ఎందుకుండదు?

లోపల అంతా చీకటి, నీలం లైట్లు. మొదట చంద్రకేంద్రం తలుపు. దగ్గరికెళితే రెండు రెక్కలూ "ష్ష్" అని పక్కకి జరుగుతాయి. చెక్కకి వెండి రంగు కొట్టారు. కింద రైలు మా లిఫ్టు రైలే, కాకపోతే గ్రీజు లేక కీచుమంటోంది. "చంద్రుడి మీద సర్వీసింగు లేనట్టుంది," అన్నాను. మిరియం కొంచెం నవ్వి జడ కొస నోట్లో పెట్టుకుంది. అలా జడ కొరికిందంటే లోపల ఏదో నలుగుతున్నట్టే.

పెద్దమ్మ కమాండరు కోటు గాజుపెట్టెలో ఉంది. టీవీలో ఎంత దర్జాగా ఉండేదో! దగ్గర్నుంచి చూస్తే మోచేతుల దగ్గర అతుకులు.

"నాన్నా, నీతో ఒకటి చెప్పాలి," అంది మిరియం.

"చెప్పు. పెద్దమ్మ వింటోంది, జాగ్రత్త."

"పెద్దమ్మ కాదు నాన్నా, నువ్వు విను."

"నా చెవులు గాజుపెట్టెలో పెట్టలేదుగా, వింటాను."

తర్వాత గ్రహాంతరవాసుల మాస్కుల దగ్గర ఇంకోసారి "నాన్నా, పచ్చ..." అని మొదలెట్టింది. సరిగ్గా అప్పుడే ఒక మాస్కు అచ్చం మా లాయరులా కనిపించింది. చూపించకుండా ఉండగలనా? చూపించాను. ఆ మాట అక్కడే ఆగిపోయింది. ఏం అనబోయిందో నాకు తెలీదు.

తెలీదనే రాస్తున్నాను.

చివరి గదిలో డబ్బా. నిజం డబ్బా! చుట్టూ తాడు కట్టి, మధ్యలో నిలబెట్టారు. నాకే ఒళ్లు జలదరించింది. కానీ దీపం వెలగట్లేదు. పక్కన బోర్డు. ఈ బొమ్మ లోపల ఒక మనిషి కూర్చుని నడిపేవాడు, దీపాన్ని కూడా అతనే స్విచ్చితో వెలిగించేవాడు అని రాసుంది.

మిరియం రెండుసార్లు చదివింది.

"అంటే నిజం చెప్తే వెలిగేది కాదా?"

"లోపలివాడికి నిజమనిపిస్తే వెలిగేది."

"వాడికి నచ్చని నిజమైతే?"

"అప్పుడు వాడి నిజాయితీని బట్టి," అన్నాను. ఇది కూడా జోకుగానే అన్నాను.

మంచినీళ్లు తాగొస్తానని వెళ్లింది. "నువ్విక్కడే ఉండు. ఎక్కడికీ వెళ్లకు," అని వేలు చూపించి మరీ చెప్పింది.

నేను ఎక్కడికీ వెళ్లలేదు. ఇది ముఖ్యం. అక్కడే ఉన్నాను. కాకపోతే లోపలున్నాను.

డబ్బా వీపు తలుపుకి ఉత్త కొక్కెమే ఉంది. ప్లగ్గు తీసి నేల మీద పడేశారు, గోడకి సాకెట్టు పక్కనే. అక్కడి సెక్యూరిటీ మనిషి తలుపు బయట ఎవరితోనో మాట్లాడుతున్నాడు. పాడై పడున్న దీపం చూస్తే నా చేతులు ఊరుకోవు. దాన్ని వేషం అనరు, రిపేరు అంటారు. ప్లగ్గు పెట్టాను, కొక్కెం తీశాను, దూరాను. పిల్ల రాగానే దీపం వెలగాలి, అది నవ్వాలి, అంతే నా ప్లాను.

లోపల ఒక చిన్న స్టూలు. ఎవరిదో పాత చెమట వాసన. కళ్ల దగ్గర జాలీ, చేతి దగ్గర స్విచ్చి. కింద చక్రాల కోసం జానెడు సందు వదిలారు, అందులోంచి ఏసీ గాలి పాదాలకి చల్లగా తగులుతోంది. హాయిగానే ఉందనిపించింది.

మిరియం వచ్చింది. అటూ ఇటూ చూసి "నాన్నా?" అని పిలిచింది.

నేను డబ్బా గొంతు పెట్టాను. "నాన్న-గారు-టీకి-వెళ్లారు."

నవ్వలేదు. డబ్బాని పైనుంచి కిందికి చూసింది. తల వంచుకుని కాసేపు అలాగే నిలబడింది. నేను స్విచ్చి మీద వేలు పెట్టుకుని కాచుక్కూర్చున్నాను. అప్పుడది తాడు దాకా వచ్చి మెల్లగా అంది.

"డబ్బా, నీకొకటి చెప్తాను. పచ్చ నిజం."

నా వేలు ఆగిపోయింది.

"నాకు అమ్మతో వెళ్లాలనుంది. అమ్మ చెప్పమనలేదు. నాకే వెళ్లాలనుంది. నాన్న దగ్గర నవ్వొస్తుంది. చాలా నవ్వొస్తుంది. కానీ ప్రతిసారీ చూసుకోవాలి, ఇది ఆటా నిజమా అని. స్కూల్నుంచి వచ్చాక కూడా చూసుకుంటూనే ఉండాలి. జ్వరమొచ్చిందంటే నిజంగా వచ్చిందా అని. అమ్మ దగ్గర చూసుకోనక్కర్లేదు. ఊరికే పడుకోవచ్చు."

జాలీలోంచి దాని పాపిడి ఒక్కటే కనిపిస్తోంది. మొహం కనిపించట్లేదు.

"నాన్నంటే ఇష్టం లేక కాదు డబ్బా. ఇది నాన్నతో చెప్తే నవ్వేస్తాడు. నవ్వితే నాకు ఏడుపొస్తుంది. ఏడిస్తే ఇంకో జోకు వేస్తాడు. అప్పుడు నేను మేడం దగ్గర నాన్న పేరే చెప్పేస్తాను, పాపం అనిపించి. ఇది నిజమే కదా? నిజమైతే దీపం వెయ్యి."

చూస్తూ నిలబడింది.

నొక్కకపోతే అది అబద్ధమని తేలిపోతుంది. నొక్కితే నేనే సంతకం పెట్టినట్టు. అరంగుళం స్విచ్చి. ఆకాశమంత ఎత్తు నుంచి లిఫ్టుల్ని దింపిన వేలు దాని మీద నుంచి కదల్లేదు.

బూట్ల చప్పుడైంది. సెక్యూరిటీ మనిషి.

"పాపా, తాడు దాటకు. అటు జరుగు."

"ఒక్క నిమిషం అంకుల్. దీపం వెలగాలి."

"అది పని చెయ్యదమ్మా. వైరే తీసేశారు."

"వెలుగుతుంది అంకుల్. కొంచెం టైం పడుతుంది."

నేను నొక్కాను.

గదంతా ఆకుపచ్చగా అయింది. "ఓరి దీని దుంపతెగ!" అని సెక్యూరిటీవాడు వెనక్కి గెంతాడు. అంత మంచి గెంతు నా జన్మలో ఎవరిచేతా వేయించలేదు. అయినా నవ్వు రాలేదు. జాలీలోంచి పిల్ల మొహం ఇప్పుడు కనిపించింది. పచ్చగా ఉంది. బుగ్గలు తడిసి ఉన్నాయి.

"థాంక్స్ డబ్బా," అంది.

వాడు తేరుకుని తాడు ఎత్తి ఇటే వస్తున్నాడు. వీపు తలుపు తీశాడంటే అయిపోయాను. పద్నాలుగు దాకా కూడా అక్కర్లేదు, ఆ సాయంత్రానికే మేడం ఫైల్లో కొత్త కాగితం చేరుతుంది. అదృష్టం! సరిగ్గా అప్పుడే మిరియానికి కడుపునొప్పి వచ్చింది.

"అంకుల్, బాత్రూమ్ ఎటు? అర్జెంటు. నాకు భయం, మీరు చూపించండి."

వాణ్ణి చెయ్యి పట్టుకుని లాక్కెళ్లింది. నేను బయటపడ్డాను, ప్లగ్గు పీకాను, మాస్కుల దగ్గరికెళ్లి లాయరుగారి ముందు నిలబడ్డాను.

వచ్చింది. కళ్లు కడుక్కున్నట్టుంది.

"టీ తాగొచ్చావా?" అంది.

"ఆ."

"చక్కెర సరిపోయిందా?"

"సరిపోయింది."

ఐదింటికి గేటు దగ్గరున్నాం. ఆమె నన్ను అనుమానంగా చూసింది. "ఏంటి, అంత నిశ్శబ్దంగా ఉన్నారు? ఏం చేశారు లోపల?"

"ఏం లేదమ్మా. బాగుంది," అంది మిరియం. వెళ్తూ వెనక్కి తిరిగి చూడలేదు. లేదు, చూసింది. కింద ఎటో చూసింది.


10వ తేదీ, సోమవారం

పిల్లలు బొమ్మలతో చెప్పినవి లెక్కలోకి రావు.


అదే రోజు, సాయంత్రం

దానికి నేను లోపలున్నానని తెలీదు. తెలీదు కాబట్టి అది నాతో అన్నట్టు కాదు. నాతో అననిది నేను వినక్కర్లేదు. లాయరు కూడా ఇదే అంటాడు.

అసలు అది కూడా వేషమేమో? నా కూతురు కదా.

కానీ పచ్చ నిజం అంది.


11వ తేదీ, మంగళవారం

లాయరు ఫోన్. "పాపతో ఓసారి మెత్తగా మాట్లాడండి. తను లేకపోతే నాన్న ఏమైపోతాడో అనిపించాలి. ఆ వయసు పిల్లలు కరిగిపోతారండీ. మేడం దగ్గర ఒక్క మాట చాలు మనకి."

వాడు చెప్పకముందే నాకు తెలుసు ఆ ఒక్క మాట. మేడంకీ వాళ్లమ్మకీ తెలీని మాట. "పచ్చ నిజం మిరియం, నువ్వు వెళ్లిపోతే నాకు ఇల్లు ఇల్లులా ఉండదు," అంటే చాలు. అబద్ధం కూడా కాదు. అది తప్పకుండా నా దగ్గరే ఉండిపోతుంది. అదే అందిగా, పాపం అనిపించి నా పేరే చెప్పేస్తానని.

మెషీన్ రూములోంచి ఫోన్ చేశాను. మోటారు ఆపేశాను, చప్పుడు లేకుండా. కింద ఎవరో లిఫ్టు తలుపు దబదబా కొడుతున్నారు.

"చెప్పు నాన్నా," అంది.

"మిరియం."

"ఊఁ."

"ప..."

అవతల ఊపిరి బిగపట్టింది. నాకు వినిపించింది. ఫోన్లో ఊపిరి తియ్యడమే వినిపిస్తుందనుకున్నాను, ఆపడం కూడా వినిపిస్తుంది.

"ప... పరీక్షలెప్పుడు?" అన్నాను.

"అయిపోయాయి కదా నాన్నా."

"ఏం తిన్నావ్?"

"బ్రెడ్డు."

"సరే తిను."

"తినేశాను."

"సరే అయితే."

మోటారు వేశాను. లిఫ్టులో ఇరుక్కున్న ఐదో అంతస్తు లావుపాటాయన బయటికొచ్చి "ఇది కూడా నీ వేషమేనా?" అని కాలరు పట్టుకున్నాడు. ఎన్నాళ్ల కోపమో. అవునన్నాను. నిజం చెబితే ఎవడు నమ్ముతాడు?


13వ తేదీ, గురువారం

రేపు. చెప్పులు కొనలేదు. వైరు బాగానే ఉంది.


14వ తేదీ, శుక్రవారం

పొద్దున్నే అందరికంటే ముందెళ్లి మేడం గది ముందు నిలబడ్డాను. "పాపకంటే ముందు నేను మాట్లాడాలి," అన్నాను. లాయరుకి చెప్పలేదు. చెబితే ఇంకో చెప్పు కూడా తొక్కేవాడు.

"కూర్చోండి," అంది.

"పిల్లని నేను చూసుకోలేను మేడం. తల్లితోనే పంపెయ్యండి."

ఆమె పెన్ను కింద పెట్టి, తలుపు వైపు చూసింది. ఎవరైనా దాక్కుని నవ్వుతున్నారేమోనని.

"మీరు ఇక్కడ కూడా మొదలుపెట్టారా?"

"లేదు మేడం. నిజంగానే."

"పోయిన వారం నా బిడ్డ లేకపోతే ఒప్పుకోనని బల్ల గుద్దారు."

"బల్ల గట్టిదా కాదా అని చూశాను."

"ఇదిగో, మళ్లీ!"

చెంపలు వేసుకోవాలనిపించింది. ఇన్నేళ్లలో ఎంత పెద్ద అబద్ధమైనా గడగడా నమ్మించిన నోరు, ఈ ఒక్కటీ నమ్మించలేక తడబడింది. చేతులు ఒళ్లో పెట్టుకున్నాను. నేల చూశాను. మంచి అబద్ధానికి కొంచెం నిజం కలపాలి, అది నా వృత్తి రహస్యం.

"లిఫ్టులో ఎవడైనా ఇరుక్కుంటే ఏ వేళైనా పరిగెత్తాలి. పిల్లొక్కతే ఉండాలి. దానికి జ్వరమొస్తే నాకు థర్మామీటరు చూడ్డం కూడా రాదు. నాకు నవ్వించడం ఒక్కటే వచ్చు మేడం. దానికి పన్నెండేళ్లు. ఊరికే పడుకోవడానికి ఒక చోటు కావాలి. అది నా దగ్గర దొరకదు. నాకూ ఇక ఓపిక లేదు. వద్దు."

చివరి రెండు ముక్కలూ అబద్ధం. మిగతాదంతా పైన రాసిన నిజంలోంచి కొట్టేసిందే.

మేడం పెన్ను మళ్లీ చేతిలోకి తీసుకుంది. "అయినా పాపని అడగాలి. అది పద్ధతి."

"అడగండి. కానీ ముందు నేను వద్దన్నానని చెప్పి అడగండి. చెప్పకుండా అడిగితే అది ఒకళ్ల పేరు చెప్పాలి కదా. ఇంకొకళ్ల పేరు చెప్పనట్టవుతుంది కదా."

అప్పుడు నమ్మింది. నా మొహం చూసి కాదు, ఆ ఆఖరి మాటకే నమ్మినట్టుంది. ఏం నమ్మిందో అడగలేదు. కళ్లజోడు పెట్టుకుని "పంపించండి," అంది.

బయట బెంచీ మీద తల్లీ కూతుళ్లు. మిరియం జడ కొస నోట్లో ఉంది. లోపలికెళ్లేటప్పుడు నన్ను దాటుకుంటూ వెళ్లింది, ఆగలేదు. తలుపు మూసుకున్నాక వాళ్లమ్మతో అన్నాను, "నీతోనే పంపెయ్యమని చెప్పాను."

"ఇదేం కొత్త నాటకం?"

"నాటకం అయిపోయింది. ఆఖరి ఆట."

ఎగతాళి ఎక్కడుందా అని నా మొహమంతా వెతికింది. పెళ్లయినప్పటి నుంచీ అలాగే వెతుకుతోంది పాపం, ఎప్పుడూ ఏదో ఒకటి దొరికేది. ఇవాళ దొరకలేదు. చేతిసంచీలోంచి నీళ్ల సీసా తీసి నా వైపు జరిపింది. మూత వదులుగా ఉందేమో, నేను నీళ్లు మీద పోస్తానేమోనని అలవాటు కొద్దీ ముందు తనే బిగించి ఇచ్చింది.

తలుపు తెరుచుకుంది. మిరియం వచ్చింది. వాళ్లమ్మ వైపు వెళ్లలేదు, సూటిగా నా ముందుకొచ్చి నిలబడింది.

"నన్ను వద్దన్నావట."

"అన్నాను."

"ఓపిక లేదన్నావట."

"లేదు మరి. నీ నోరు నాకంటే పెద్దదైపోతోంది."

"నాన్నా." గొంతు దించింది. ఇద్దరికే వినబడేంత. "పచ్చ నిజమా?"

ఇది నేను ముందు ఆలోచించలేదు. మేడంకి, లాయరుకి, వాళ్లమ్మకి, అందరికీ జవాబులు సిద్ధం చేసుకున్నాను. ఈ ప్రశ్న ఉంటుందని మర్చిపోయాను. అవునంటే మాకు మిగిలిన ఆ ఒక్క మాటా పోతుంది. కాదంటే అది వెనక్కి తిరిగి ఆ గదిలోకే వెళ్లిపోతుంది, నా పేరు చెప్పడానికి. కళ్లు పెద్దవి చేసుకుని చూస్తోంది. తాడు అవతల నిలబడి చూసినట్టే.

"దీపానికి కరెంటు లేదమ్మా," అన్నాను.

అది నవ్వలేదు. ఏడవలేదు కూడా. మెల్లగా నా ముందు గొంతుక్కూర్చుంది. నా ఎడమ చెప్పు పట్టీ నుంచి ఎర్ర వైరు కొస బయటికొచ్చి ఉంది. దాన్ని వేలితో లోపలికి దోపి, ముడి గట్టిగా బిగించింది.

"డబ్బాకి చెప్పులుండవు నాన్నా," అంది.

లేచి వాళ్లమ్మ చెయ్యి పట్టుకుంది.


16వ తేదీ, ఆదివారం

కొత్త చెప్పులు కొందామని షాపు దాకా వెళ్లాను. పాతవే బాగున్నాయి.